పొడుగ్గా ఉన్నవాళ్లకి మొదటి బైక్: సీటు ఎత్తు కంటే ముందు మోకాలు చూడాలి

బైక్ కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఎవరైనా చెప్పే సలహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. సీటు ఎత్తు తక్కువుండాలి, బండి తేలిగ్గా ఉండాలి, రెండు పాదాలూ నేలకి పూర్తిగా ఆనాలి. ఇందులో తప్పేం లేదు, కాకపోతే ఇవన్నీ మామూలు ఎత్తున్నవాళ్లనీ అంతకంటే తక్కువున్నవాళ్లనీ మనసులో పెట్టుకుని చెప్పేవి. ఆరడుగులు దాటినవాళ్లు వీటిని ఉన్నదున్నట్టు పాటిస్తే చిన్న బండి మీద మోకాళ్లు పైకి లేపుకుని ముడుచుకుని కూర్చోవాల్సి వస్తుంది, కొన్నాళ్లకే నడుం పట్టేస్తుంది, బైక్ నడపడమంటే ఇంతే కాబోలు అనుకుని కొందరు వదిలేస్తారు కూడా.

ఇంకో సలహా దీనికి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. "నీ ఎత్తుకి చిన్న బండేం బాగుంటుంది, పెద్ద ఇంజన్ ఉన్నదే తీసుకో" అని. ఇది మొదటిదాని కంటే ప్రమాదం. క్లచ్ ఎంత మెల్లగా వదలాలో, మలుపులో చూపు ఎటు పెట్టాలో, ముందు బ్రేకు ఎంత గట్టిగా నొక్కాలో ఒంటి పొడుగు నేర్పదు. పొడుగ్గా ఉన్నవాళ్లు కూడా మొదట్లో అందరిలాగే క్లచ్ టక్కున వదిలేస్తారు, అప్పుడు కింద 200 సీసీ ఇంజన్ ఉంటే బండి ఒక కుదుపుతో ఆగిపోతుంది, అదే బాగా శక్తి ఉన్న పెద్ద బండైతే మనిషిని లాక్కుని ముందుకు దూకుతుంది. కాబట్టి పొడుగైనవాళ్లకి కావాల్సింది పెద్ద ఇంజన్ కాదు. ఒంటికి చోటు దొరికే ఆకారమూ, నేర్చుకునేవాళ్ల చేతికి లొంగే ఇంజనూ రెండూ ఉన్న బండి కావాలి. ఈ రెండూ కలిసిన బైకులు ఇప్పుడు చాలానే ఉన్నాయి, చూడాల్సిన చోట చూస్తే దొరుకుతాయి.

చూడాల్సిన మొదటి చోటు సీటుకీ ఫుట్‌పెగ్‌కీ, అంటే పాదం పెట్టుకునే కడ్డీకీ, మధ్య దూరం. ఈ అంకె సాధారణంగా బ్రోచర్‌లో ఉండదు, అదే చిక్కు. బ్రోచర్‌లో ఇచ్చే సీటు ఎత్తు నేల నుంచి సీటు దాకా కొలిచినది, అది బండి ఆగి ఉన్నప్పుడు కాలు నేలకి ఆనుతుందా లేదా అన్న ప్రశ్నకి మాత్రమే జవాబు. పొడుగైనవాళ్లకి ఆ ప్రశ్నే లేదు. వాళ్ల కాలు బండి కదులుతున్నంతసేపూ, అంటే దాదాపు మొత్తం సమయం, ఫుట్‌పెగ్ మీద ఉంటుంది, మోకాలు ఎంత మడవాల్సి వస్తుందో తేల్చేది పెగ్ ఎక్కడుంది అన్నదే. ఉదాహరణకి యమహా ఆర్15 వీ4 సీటు ఎత్తు 815 మి.మీ., రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350ది 805 మి.మీ. అంకెలు చూస్తే ఆర్15 ఎత్తైన బండి, పొడుగైనవాళ్లకి అదే నప్పాలి. కూర్చుని చూస్తే కథ వేరు. ఆర్15 స్పోర్ట్స్ బండి కాబట్టి పెగ్‌లు పైకీ వెనక్కీ ఉంటాయి, హ్యాండిల్ కిందికి ఉంటుంది, కాలు గట్టిగా మడిచి ఒళ్లు ముందుకు వంచాలి. క్లాసిక్‌లో పెగ్‌లు కిందికీ కాస్త ముందుకీ ఉంటాయి, కాలు చాలా వదులుగా ఉంటుంది.

మోకాలు మడిచి కూర్చుంటే ఏమవుతుందిలే, కాస్త నొప్పి ఓర్చుకుంటే సరిపోదా అనిపించొచ్చు. అలవాటైనవాళ్లకి అది నొప్పితో పోతుందేమో గానీ, నేర్చుకునేవాళ్లకి నేర్చుకోవడమే అడ్డం తిరుగుతుంది. ఎడమ పాదం సంగతి చూడండి. గేరు పైకి వేయాలంటే బూటు ముందు భాగం లివర్ కిందికి దూరాలి. కాలు గట్టిగా మడిచి ఉన్నప్పుడు, పైగా పాదం పెద్దది అయినప్పుడు, చీలమండకి తిరిగే చోటే ఉండదు, దాంతో కాలు మొత్తాన్ని పెగ్ మీద నుంచి లేపి లివర్ కిందికి తోయాల్సి వస్తుంది. అలా లేపిన ప్రతిసారీ ఒళ్లు ఒక పక్కకి కదులుతుంది, చేతులు హ్యాండిల్‌ని పట్టి లాగుతాయి, బండి గీత తప్పుతుంది. గేరు సగం పడి న్యూట్రల్‌లో ఆగిపోవడం కూడా ఇక్కడి నుంచే వస్తుంది. కుడి కాలు వెనక బ్రేకు మీద కూడా ఇదే ఇబ్బంది, పాదం పెడల్ మీద వాలిపోయి తెలియకుండానే బ్రేకు కొద్దిగా నొక్కి ఉంచుతుంది. వెనక బ్రేకు లైటు ఆరకుండా వెలుగుతూ ఉంటే, పెడల్ దగ్గర వేడి వాసన వస్తుంటే, కారణం చాలాసార్లు ఇదే.

ఇంకా ముఖ్యమైనది యూ-టర్న్. లైసెన్స్ పరీక్షలో ఎనిమిది అంకె వేయాలన్నా, ఇరుకు చోట బండి తిప్పాలన్నా హ్యాండిల్ చివరిదాకా తిప్పాలి. ఎడమకి పూర్తిగా తిప్పినప్పుడు ఎడమ గ్రిప్ వెనక్కి, తొడ వైపుకి వస్తుంది. మోకాలు ట్యాంకు కంటే పైకి లేచి ఉన్న మనిషికి ఆ గ్రిప్ వచ్చి మోకాలికి తగులుతుంది, క్లచ్ లివర్‌కీ మోకాలికీ మధ్య వేళ్లు నలుగుతాయి, క్లచ్ తనంతట తానే నొక్కుకుంటుంది. మలుపు మధ్యలో క్లచ్ పడితే చక్రానికి శక్తి ఆగిపోతుంది, ఒరిగి ఉన్న బండిని నిలబెట్టేదే ఆ శక్తి కాబట్టి బండి లోపలి పక్కకి పడిపోతుంది. కుడి వైపు తిప్పితే అదే గొడవ యాక్సిలరేటర్‌తో. మణికట్టు తొడకి నొక్కుకుని వంగిపోతే యాక్సిలరేటర్ అనుకున్నదానికంటే ఎక్కువ తిరగొచ్చు. ఇలా పడిన మనిషికి తన బ్యాలెన్స్ బాగాలేదనిపిస్తుంది, టెన్షన్ పట్టుకుంటుంది, తర్వాత ప్రతి యూ-టర్న్ దగ్గరా చేతులు బిగుసుకుపోతాయి. నిజానికి అక్కడ ఉన్నది చోటు సమస్య. షోరూమ్‌లో బండి స్టాండ్ తీసి, పెగ్‌ల మీద కాళ్లు పెట్టి, పక్కన ఎవరైనా పట్టుకుని ఉండగా హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూస్తే అర నిమిషంలో తేలిపోయే సంగతి ఇది. పొడుగైనవాళ్లు ఏ బండి మీద కూర్చున్నా మొదట చేయాల్సిన పరీక్ష ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

షోరూమ్‌కి వెళ్లే ముందు ఒంటి కొలత ఒకటి తెలిసి ఉంటే మంచిది. గోడకి వీపు ఆనించి, చెప్పుల్లేకుండా నిలబడి, కాళ్ల మధ్య ఒక గట్టి పుస్తకం పైకి నొక్కి, నేల నుంచి దాని పై అంచు దాకా కొలిస్తే ఇన్‌సీమ్ వస్తుంది. ఒకే ఎత్తున్న ఇద్దరికి ఈ కొలత వేరుగా ఉంటుంది, ఒకరికి కాళ్లు పొడుగు, ఇంకొకరికి నడుం పైభాగం పొడుగు. కాళ్లు పొడుగున్నవాళ్లకి సీటు–పెగ్ దూరం ప్రాణం. పైభాగం, చేతులు పొడుగున్నవాళ్లకి కాళ్ల దగ్గర పెద్ద ఇబ్బంది ఉండదు గానీ హ్యాండిల్ మరీ కింద, మరీ దగ్గర ఉన్నట్టుంటుంది, భుజాలు ముందుకు ముడుచుకుపోతాయి. అందుకే "ఆరడుగుల రెండంగుళాల మా స్నేహితుడికి ఆ బండి బ్రహ్మాండంగా ఉంది" అన్న మాట వినడానికి బాగుంటుంది, దాని మీద ఆధారపడి డబ్బులు కట్టేయకూడదు.

కూర్చున్నప్పుడు పక్క నుంచి ఒక ఫోటో తీయించుకోవాలి. మోకాలి మడత లంబకోణానికి దగ్గరగానో, అంతకంటే విప్పుకునో ఉంటే బాగున్నట్టు, తొడా పిక్కా దగ్గరకొచ్చి అతుక్కున్నట్టుంటే వద్దు. మోకాలు ట్యాంకు పక్కనున్న పల్లంలో కూర్చుంటోందా, దాని పైనుంచి బయటికి తెరుచుకుపోతోందా అన్నది కూడా ఫోటోలో కనబడుతుంది. ఆ పల్లం ఉన్నది మోకాళ్లతో ట్యాంకుని పట్టుకోవడానికి, అలా పట్టుకుంటేనే బ్రేకు వేసినప్పుడు ఒంటి బరువు చేతుల మీద పడదు. మోకాళ్లు బయటికి పోతే ఆ పట్టు ఉండదు, బరువంతా మణికట్ల మీదికి వస్తుంది. రోజూ వేసుకునే బూట్లతోనే వెళ్లాలి, లివర్ కింద పాదం పడుతుందో లేదో చెప్పులతో తెలియదు. ఎక్కి దిగడం కాదు, పది పదిహేను నిమిషాలు అలాగే కూర్చోవాలి. సేల్స్ వాళ్లు తొందరపెట్టినా సరే.

ఇక రకాల సంగతి. పొడుగైన కొత్తవాళ్లకి అన్నిటికంటే ఎక్కువగా కలిసొచ్చేవి అడ్వెంచర్ రకం బైకులు, ఇందులో పెద్దగా సందేహం లేదు. సస్పెన్షన్ ప్రయాణం, అంటే అది పైకీ కిందికీ కదిలే దూరం, ఎక్కువ కాబట్టి సీటు ఎత్తుగా ఉంటుంది, నిలబడి నడపడానికి వీలుగా పెగ్‌లు కిందికీ మధ్యలోకీ ఉంటాయి, హ్యాండిల్ వెడల్పుగా, పైకి ఉంటుంది. ఈ మూడూ పొడుగైన ఒంటికి కావాల్సినవే. వెడల్పాటి హ్యాండిల్ తిప్పడానికి బలం తక్కువ పడుతుంది, మెల్లగా వెళ్లేటప్పుడు అదుపు బాగుంటుంది, కొత్తవాళ్లకి ఇంకేం కావాలి. హీరో ఎక్స్‌పల్స్ 200 సీటు 825 మి.మీ. దగ్గరుంటుంది, బీఎండబ్ల్యూ జీ 310 జీఎస్‌ది 835. 2020లో వచ్చిన కేటీఎమ్ 390 అడ్వెంచర్‌ది 855. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450లో సీటుని 825 నుంచి 845కి మార్చుకోవచ్చు, ఇలా మార్చుకునే వీలుండటం నేర్చుకునేవాళ్లకి నిజంగా మంచి సదుపాయం, మొదట్లో కిందికి పెట్టుకుని ధైర్యం వచ్చాక పైకి పెట్టుకోవచ్చు. కాకపోతే హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. ఆ 20 మి.మీ. కంటే ఈ అంకె గురించే ఎక్కువ ఆలోచించాలి. పడిన బండిని ఒక్కరే లేపగలగాలి, నేర్చుకునే రోజుల్లో బండి పడటం మామూలే.

ఆ లెక్కన చూస్తే హోండా సీఆర్ఎఫ్300ఎల్ లాంటి డ్యూయల్ స్పోర్ట్ బండ్లు, అంటే రోడ్డుకీ మట్టి దారికీ పనికొచ్చేవి, ఇంకా నప్పుతాయి. సీటు 880 మి.మీ., బరువు 142 కిలోలు. మామూలు ఎత్తున్నవాళ్లు వేలికొసల మీద నిలబడాల్సిన ఈ బండి పొడుగు కాళ్లవాళ్లకి హాయిగా ఆనుతుంది, చేతిలో సైకిల్ అంత తేలిగ్గా ఉంటుంది, పడేసినా లేపడం కష్టం కాదు, చిన్న చిన్న దెబ్బలకి విరిగిపోయే ప్లాస్టిక్ కూడా తక్కువ. పైగా సీటు పొడుగ్గా, చదునుగా ఉంటుంది. ఇది చిన్న విషయంలా కనబడుతుంది గానీ పొడుగైనవాళ్లకి చాలా పెద్దది. మధ్యలో గుంట, వెనక మెట్టు ఉన్న సీటు మనిషిని ఒకే చోట బిగించేస్తుంది, తుంటి వెనక్కి జరపాలన్నా కుదరదు. చదును సీటు మీద రెండంగుళాలు వెనక్కి జరిగితే మోకాలి మడత అప్పటికప్పుడు తగ్గుతుంది. లోపం ఏమిటంటే ఈ రకం సీట్లు సన్నగా, గట్టిగా ఉంటాయి, గంటలకొద్దీ హైవే మీద వెళ్లేవాళ్లకి బాధే. రోజూ ఊళ్లో తిరగడానికి, మట్టి దారిలో సాధన చేయడానికి వీటిని మించినవి లేవనే చెప్పాలి.

క్రూయిజర్ల దగ్గర చాలామంది మోసపోతారు. పొడుగ్గా, ఠీవిగా కనబడతాయి కాబట్టి పొడుగైన మనిషికి సరిపోతాయనుకుంటారు. హోండా రెబెల్ 500 సీటు ఎత్తు 690 మి.మీ. మాత్రమే, పైగా పెగ్‌లు మరీ ముందుకు కాకుండా మధ్యలో ఉంటాయి, ఆరడుగులు దాటినవాళ్ల మోకాళ్లు పైకి లేచిపోతాయి. పెగ్‌లు బాగా ముందుకున్న క్రూయిజర్లలో కాలు చాచుకోవచ్చు, అది నిజమే. కానీ అప్పుడు బరువంతా నడుం కింది ఎముక మీద పడుతుంది, గతుకు వచ్చినప్పుడు పెగ్‌ల మీద లేచి నిలబడే వీలుండదు, చక్రాల మధ్య దూరం ఎక్కువ కాబట్టి మలుపు కూడా పెద్దగా తీసుకోవాలి. మొదటి బండిగా ఇది పొడుగైనవాళ్లకి అంత మంచి ఎంపిక కాదు. స్పోర్ట్స్ బండ్ల గురించి పైన చెప్పిందే చాలు. ముందు ప్లాస్టిక్ కవచం లేని మామూలు నేకెడ్ బైకుల్లో మంచివీ ఉన్నాయి, ఇరుకువీ ఉన్నాయి, ఒక్కొక్కటీ కూర్చుని చూసుకోవాల్సిందే. ఒకే ఇంజన్ మీద రెండు రకాల బండ్లు వస్తుంటే ఎత్తైన రకాన్ని కూడా చూడాలి. ట్రయంఫ్ స్పీడ్ 400 సీటు 790 మి.మీ. అయితే అదే ఇంజన్ ఉన్న స్క్రాంబ్లర్ 400 ఎక్స్‌ది 835, హ్యాండిల్ కూడా వెడల్పు.

శక్తి విషయంలో కొన్నిచోట్ల చట్టమే హద్దు గీస్తుంది. యూరప్‌లో మధ్యస్థాయి శక్తి ఉన్న బండ్లకిచ్చే ఏ2 లైసెన్స్‌కి 35 కిలోవాట్లు, కిలో బరువుకి 0.2 కిలోవాట్లు దాటకూడదు. ఆస్ట్రేలియాలో కొత్తవాళ్లకి 660 సీసీ, టన్నుకి 150 కిలోవాట్లు హద్దు. ఇది పొడుగైనవాళ్లకి అడ్డంకి అనుకోనక్కర్లేదు. హోండా ఎన్ఎక్స్500 సరిగ్గా ఏ2 హద్దు మీదే ఉంటుంది, సీటు 830 మి.మీ., ఆరడుగులు దాటినవాళ్లు కూడా అందులో బాగానే ఇముడుతారు. ఇలాంటి చట్టం లేని చోట ఆ హద్దుని తమకు తామే పెట్టుకోవడం మంచిది. ఇంకా చిన్నదైనా పర్లేదు, 200 నుంచి 400 సీసీ సింగిల్ సిలిండర్ బండి పొడుగైన మనిషినీ ఏ కష్టం లేకుండా మోస్తుంది. నడిపే మనిషి బరువు 100 కిలోలు దాటి, వెనక ఇంకొకరు కూడా ఎక్కుతారంటే మాత్రం 125 సీసీ వద్దనే చెప్పాలి, ఎత్తుల మీద ఆయాసపడుతుంది.

పొడుగు కాళ్ల వల్ల ఒక లాభం ఉంది, అందులోనే ఒక చెడ్డ అలవాటు దాగి ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే పాదం పూర్తిగా ఆనడమే కాదు, మోకాలు కాస్త వంగి ఉంటుంది, ఆ వంపు వల్ల ఒరుగుతున్న బండిని కూడా ఆపుకోవచ్చు. ఈ సుఖానికి అలవాటుపడి కొత్తవాళ్లు మెల్లగా వెళ్లేటప్పుడు రెండు కాళ్లూ కిందికి వేలాడేసి నేల మీద తోసుకుంటూ పోతారు. పొట్టివాళ్లకి ఆ వెసులుబాటు ఉండదు కాబట్టి హాఫ్ క్లచ్ (సగం వదిలిన క్లచ్) మీద, వెనక బ్రేకు మీద బ్యాలెన్స్ త్వరగా నేర్చుకుంటారు. పొడుగైనవాళ్లకి అది ఆలస్యమవుతుంది. కదులుతున్న బండి మీద నుంచి చాచిన కాలు నేలకి తగిలి వెనక్కి మెలిపడితే చీలమండ, మోకాలు దెబ్బతింటాయి. బండి కదిలిన క్షణంలోనే రెండు పాదాలూ పెగ్‌ల మీదికి రావాలి, ఈ క్రమశిక్షణ మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి.

బండి నూటికి నూరుపాళ్లు సరిపోయేది దొరకదు, కొంత సర్దుకోవాలి, కొంత సర్దించుకోవాలి. డబ్బు ఖర్చు లేని మార్పులు ముందు చేయించాలి. క్లాంప్ బోల్టులు వదులు చేసి హ్యాండిల్‌ని కొద్దిగా ముందుకో వెనక్కో తిప్పొచ్చు. క్లచ్, బ్రేకు లివర్ల కోణం మార్చి మణికట్టు నిటారుగా ఉండేలా చేయొచ్చు. అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది గేరు లివర్ ఎత్తు, పెద్ద బూటు దూరేలా ఒక మెట్టు పైకి పెట్టిస్తే గేర్లు పడటంలో తేడా ఆ రోజే తెలుస్తుంది. మెకానిక్‌కి పావుగంట పని కూడా కాదు, అయినా అడిగేవాళ్లు తక్కువ, ఫ్యాక్టరీ నుంచి వచ్చినదే సరైనదనుకుంటారు. వెనక సస్పెన్షన్ ప్రీలోడ్, అంటే స్ప్రింగ్‌ని ముందే ఎంత బిగించి ఉంచాలన్న అమరిక, మార్చడం కూడా ఉచితమే. పొడుగైనవాళ్లు సీటులో వెనక్కి కూర్చుంటారు, సాధారణంగా బరువు కూడా ఎక్కువే, దాంతో వెనక భాగం కుంగి ముందు చక్రం తేలికవుతుంది, స్టీరింగ్ మందకొడిగా అనిపిస్తుంది, రాత్రి హెడ్‌లైట్ వెలుగు ఎదుటివాళ్ల కళ్లలోకి పోతుంది. మనిషి కూర్చున్నప్పుడు సస్పెన్షన్ తన మొత్తం ప్రయాణంలో సుమారు మూడో వంతు కుంగితే సరిపోతుంది, అంతకంటే ఎక్కువ కుంగితే ప్రీలోడ్ పెంచాలి.

ఆ తర్వాత ఖర్చుపెట్టే మార్పులు. సీటు మీద నురుగు పెంచి 20, 30 మి.మీ. ఎత్తు చేయించుకోవడం మోకాళ్లకి నేరుగా పనికొస్తుంది, కొత్తవాళ్లకి ఇందులో ప్రమాదం కూడా ఏమీ లేదు. పెగ్‌లని కిందికి దించే కిట్లు కొన్ని బండ్లకి దొరుకుతాయి, కానీ అవి పెడితే మలుపులో పెగ్ నేలకి ముందుగా రాసుకుంటుంది, గేరు లివర్, బ్రేకు పెడల్ రెండూ మళ్లీ సరిచేయాలి, పెడల్ కదిపినప్పుడు బ్రేకు లైటు స్విచ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి. హ్యాండిల్ ఎత్తు పెంచే రైజర్లు పైభాగం పొడుగున్నవాళ్లకి బాగుంటాయి, నిలబడి నడిపేటప్పుడు ఇంకా బాగుంటాయి. అయితే బిగించాక హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి క్లచ్ కేబుల్, బ్రేకు గొట్టం, యాక్సిలరేటర్ కేబుల్ ఎక్కడా బిగుసుకోవడం లేదని చూడాలి. కేబుల్ లాగినట్టై ఐడిల్ (యాక్సిలరేటర్ తిప్పకుండా ఇంజన్ తిరిగే వేగం) తనంతట తాను పెరిగితే ఆ రైజర్ ఆ బండికి ఎక్కువ ఎత్తని అర్థం. చాలా మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఒకటి చేసి కొన్ని రోజులు నడిపి తర్వాతది చూడాలి.

గాలి సంగతి బండి కొన్న తర్వాతే చాలామందికి తెలుస్తుంది. ముందు గాలిని ఆపే అద్దం (విండ్‌స్క్రీన్) మామూలు ఎత్తున్నవాళ్ల లెక్కతో చేస్తారు. వాళ్లకి దాని పైనుంచి పోయే గాలి హెల్మెట్ మీదుగా దాటిపోతుంది, పొడుగైనవాళ్లకి అదే గాలి సుడులు తిరుగుతూ నేరుగా గడ్డం దగ్గర, హెల్మెట్ కింది అంచున కొడుతుంది. తల ఊగిపోతుంది, చెవుల్లో హోరు, గంట తిరిగేసరికి మెడ పట్టేస్తుంది. ఎత్తైన అద్దం పెడితే పోతుందనుకుంటారు గానీ, చాలని ఎత్తున్న అద్దం సుడిగాలిని ఛాతీ నుంచి మొహం మీదికి మార్చడమే చేస్తుంది. తేల్చుకోవడానికి తేలిక మార్గం ఒకటుంది. ఖాళీ రోడ్డు మీద అరవై డెబ్భై వేగంతో వెళ్తూ తలని కొద్దిగా కిందికి వంచి, మళ్లీ మామూలుగా పెట్టి తేడా వినాలి. వంచినప్పుడు హోరు పూర్తిగా తగ్గితే అద్దం ఆ మేరకి పెంచితే పనవుతుంది. తల కొద్దిగా పైకి లేపితే గాలి తేటగా తగిలి ఊగడం ఆగితే అద్దం తగ్గించాలి, లేదా తీసేయాలి. అద్దమే లేని నేకెడ్ బండి మీద గాలి ఒత్తిడి ఛాతీకి తగులుతుంది గానీ అది స్థిరంగా ఉంటుంది, మామూలు వేగాల్లో చాలామంది పొడగరులకి అదే హాయి.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లు ఇంకో రెండు చూడాలి. ముందు ఓనరు సీటు కోయించి ఎత్తు తగ్గించాడేమో, వెనక సస్పెన్షన్‌కి లోయరింగ్ లింక్ (బండిని కిందికి దించే భాగం) వేయించాడేమో కనుక్కోవాలి. ఇవి పొట్టివాళ్లు చేయించుకునే మార్పులు, పొడుగైనవాళ్లకి బ్రోచర్‌లో ఉన్న బండి వేరు, చేతికొచ్చిన బండి వేరు అవుతుంది. లింక్ మార్చిన బండిని మళ్లీ పాత ఎత్తుకి తెస్తే సైడ్ స్టాండ్ పొట్టిదైపోయి బండి మరీ ఎక్కువగా ఒరుగుతుంది, ఎందుకంటే అలా దించినప్పుడు స్టాండ్ కూడా కోయిస్తారు. అసలు సీటు, అసలు లింక్, అసలు స్టాండ్ ఓనరు దగ్గరే ఉంటే బండితో పాటు అడిగి తీసుకోవాలి, లేదంటే వాటి ఖర్చుని బేరంలోనే తగ్గించుకోవాలి.